మేడంతో చెప్పలేని మాట

మా ఇంటి వెనుక మరుగుదొడ్డి కట్టించుకున్న ఏడాదే నాకా సంగతి తెలిసింది. అంతకుముందు అందరిలాగే చెంబు పట్టుకుని చేల వైపు పోయేవాణ్ణి. అక్కడ వెనక్కి తిరిగి చూసేదెవరు? తెల్లటి బేసిన్‌లో ఎర్రగా కనిపించేసరికి పచ్చిమిరప తొక్కు వల్లేమో అనుకున్నాను. తొక్కు మానేశాను. వారానికి మళ్లీ కనిపించింది.

అప్పుడు నేను సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు కింద లారీల నుంచి జామాయిల్ కర్ర దించేవాణ్ణి. మా నాన్న కడుపులో జబ్బుతోనే పోయాడు. అదేం జబ్బో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ భయంతో నెల రోజులు నోరు మెదపలేదు. చివరికి ఒక్కణ్ణే భద్రాచలం దవాఖానాకు పోయాను. కుర్చీలో మా చెల్లెలి వయసు డాక్టరమ్మ. ఆ మాట ఆమెతో ఎలా చెప్పను?

"కడుపుల మంట మేడం" అన్నాను. మంటకే మాత్రలు రాసిచ్చింది.

ఆ చీటీ నా భార్య కంటపడింది. గట్టిగా అడిగేసరికి దాచలేకపోయాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నడువు. నీకు సిగ్గయితే నేను చెప్త."

అన్నట్టే చెప్పింది. "మేడం, ఈయనకు దొడ్డికి పోతే నెత్తురు పడుతున్నది. మొన్న మీకు అబద్ధం చెప్పిండు."

నేను తల దించుకున్నాను. డాక్టరమ్మ నవ్వలేదు. ఎర్రగా పడుతోందా, నల్లగానా, నొప్పి ఉందా, బరువు తగ్గారా అని జ్వరం గురించి అడిగినంత మామూలుగా అడిగింది. నాన్న సంగతి కూడా విని చీటీ రాయడం మొదలుపెట్టింది.

"మొలలే కావచ్చు. కానీ చూడకుండా అనలేను. ఖమ్మంలో కెమెరా పరీక్ష చేయించుకోండి."

పరీక్షలో పేగు లోపల చిన్న కండ పెరిగి కనిపించింది. అప్పుడే తీసేసి ముక్కను పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. నా భార్య మాత్రం, ఈసారి చేనులో మిరప వేద్దామా పత్తి వేద్దామా అని రోజూ నాతో వాదం పెట్టుకునేది.

"క్యాన్సర్ కాదు" అన్నాడు ఖమ్మం డాక్టరు. "వదిలేస్తే ముందు ముందు అయ్యేదేమో. మళ్లీ ఎప్పుడు రావాలో చీటీలో రాశాను. ఇది ఇంట్లో మరొకరికీ ఉండొచ్చు, మీ తోడబుట్టినవాళ్లకు కూడా చెప్పండి."

చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. ఆదివారం కారేపల్లిలో ఉన్న తమ్ముడి దగ్గరికి పోయాను. చేని గట్టు మీద కూర్చుని, సిగ్గు పడకుండా మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. వాడు గడ్డిపరకలు తెంపుతూ విన్నాడు.

"నాకు గూడ రెండు నెలల సంది గట్లనే పడుతున్నదన్నా. ఎవరికి చెప్పాల్నో తెల్వలే."

"నాకు చెప్పినవ్ గదా. రేపు జల్దీ లెవ్వు, ఖమ్మం పోదాం."

వాడికి మొలలేనని తేలింది. బస్టాండులో ఇద్దరం ఇడ్లీ తిన్నాం. వాడు మరో ప్లేటు తెప్పించుకున్నాడు.