ముసలి రివాల్వర్‌కు మెత్తని తూటా

లోంజో పకెట్ నోరు మూతపడటం ఆర్ఫా తన డెబ్బై నాలుగేళ్ళ బతుకులో ఒక్కసారే చూసింది. మూయించినవాడు ఆమె మరిది, చెల్లెలి మొగుడు హోబర్ట్ స్టిడమ్.

కెంటకీ కొండల్లో, పశువుల వేలం కొట్టం వెనక, ప్రతి శనివారం మారకాల సంత జరుగుతుంది. కుక్కపిల్లనిచ్చి రంపం, రంపమిచ్చి తుపాకీ, తుపాకీ ఇచ్చి మళ్ళీ ఆ కుక్కపిల్ల తల్లి. సాయంత్రానికి ఎవరి చెత్త వాళ్ళింట్లో ఉండదు, అంతే తేడా. ఆర్ఫా అక్కడ బల్ల వేసుకుని ఎండు ఆపిల్ కజ్జికాయలు అమ్ముతుంది. ఆ రోజు బడిలో వంట చేసే డార్లీన్ రెండు వేటకుక్క పిల్లలూ ఒక అతుకుల బొంతా ఇచ్చి, లోంజో దగ్గర తళతళలాడే రివాల్వర్ పుచ్చుకుంది. మంచిదో కాదో చూడమని హోబర్ట్ చేతిలో పెట్టింది. అతను అటూ ఇటూ తిప్పాడు. గుండ్లు పెట్టే గదిలోకి అగ్గిపుల్ల పోనిచ్చి తీశాడు. "దీన్ని పేల్చకు తల్లీ" అన్నాడు.

లోంజో కందిరీగలా వచ్చాడు. "చేతులు కలిపాక బేరం బేరమే! తూటా కొలత ముప్ఫై ఎనిమిదంటే ముప్ఫై ఎనిమిదే. తూటా బొక్కలో పడిందా లేదా? పడితే సరిపోయినట్టే!"

"నీ తల బకెట్లో పడుతుంది లోంజో. అంతమాత్రాన బకెట్ టోపీ అయిపోద్దా?"

జనం మూగారు. హోబర్ట్ తొందరపడలేదు. తొందరపడటం అతని ఒంట్లోనే లేదు, ఆర్ఫా చెల్లెలు ఐవలీ ఆ నెమ్మదితోనే సగం చచ్చింది. "నువ్వు పేల్చి చూశానన్నావుగా, ఆ ఖాళీ తొడుగులేవి?" అని అడిగాడు. లోంజో గొప్పగా జేబులోంచి తీసి బల్ల మీద పోశాడు. హోబర్ట్ మూడింటిని నిలబెట్టాడు. మూడూ అడుగున కప్ప గొంతులా ఉబ్బి ఉన్నాయి. ఒకటి నిలువునా చీలింది.

"ఇది యుద్ధానికి పోయొచ్చిన తుపాకీ. పుట్టుకతో పొట్టి, లావు తూటాది. పొడుగు తూటా పట్టాలని ఎవడో గదుల్ని లోపలికి తొలిచాడు. గది లోపల తూటాను ఆపే మెట్టు ఉండాలి, అది లేదు. పొడుగు తూటా సన్నం. మీ తాత చొక్కాలో నువ్వు దూరినట్టు వదులుగా కూచుంది. పేలినప్పుడు ఇత్తడి తొడుగు ఆ సందులోకి ఉబ్బి పగిలింది. ఇవాళ తొడుగు పగిలింది. రేపు పగిలేది డార్లీన్ మొహం పక్కన ఉంటుంది."

"నీ మాటలకేం గానీ, నా చేతిలో ఎప్పుడన్నా పగిలిందా?"

ఆ సంతలో కాగితాలు లేవు, రశీదులు లేవు. చేతులు కలిశాక లోపం ఎత్తడం మర్యాద కాదు. కానీ ఒక పాత కట్టుబాటుంది. తుపాకీ పుచ్చుకున్నవాళ్ళు అడిగితే, ఇచ్చినవాడే అందరి ముందూ ఆరు గుండ్లూ పేల్చి చూపాలి. కాదంటే బేరం చెల్లదు. డార్లీన్‌కు అడిగే ధైర్యం లేదు. హోబర్ట్ ఆమె వైపు తిరిగి, "అడుగమ్మా. నోరు సూపు రుచి చూడటానికే ఇవ్వలేదు దేవుడు" అన్నాడు.

అడిగింది. లోంజో రివాల్వర్‌ని చూశాడు, చీలిన తొడుగును చూశాడు, తన కుడిచేతిని చూశాడు. తనకు భుజంలో వాతం అన్నాడు.

"వేలుక్కూడా వచ్చిందా వాతం?" అని ఆర్ఫా బల్ల వెనక నుంచి అరిచింది.

సంతంతా గొల్లుమంది. కుక్కపిల్లలు తిరిగొచ్చాయి. బొంత కూడా వచ్చింది, కాస్త పొగాకు కంపుతో.

అయితే జనం చూడనిది ఆర్ఫా చూసింది. అంత పంచాయితీలోనూ హోబర్ట్ గొట్టం మీద చెక్కిన అక్షరాలు చదవలేదు. బొటనవేలితో తడిమాడు, అంతే. అప్పుడామె దాన్ని డాబు అనుకుంది. మగవాడి చేతిలో తుపాకీ పడితే బైబిలు పట్టుకున్న పాస్టరు వేషం వేస్తాడని ఆమె ఎప్పుడూ అనేదే.

హోబర్ట్ బొగ్గుగనిలో ఇరవై ఆరేళ్ళు కప్పు కూలకుండా మేకులు బిగించాడు. పైన ఏది ఎంత బరువు మోయగలదో చూడటమే అతని పని. గని మూతపడ్డాక దాణా కొట్టు వెనక గదిలో బల్ల వేసుకుని తుపాకులు బాగుచేయడం మొదలెట్టాడు. అదీ అదే పని అనేవాడు. పాత రివాల్వర్ తెచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే పాఠం. తూటా పేరు తుపాకీ గొట్టం చెప్పాలి, అమ్మినవాడి నోరు కాదు. గుర్రం, అదే వెనకుండే సుత్తి, వెనక్కి లాగితే గుండ్ల చక్రం కదలకుండా నిలవాలి. గొట్టంలోకి వెలుతురు పెట్టి చూడు, ఎక్కడన్నా ఉంగరంలా నీడ కనబడితే అక్కడ లోపల ఉబ్బింది, గోడకు తగిలించి దండం పెట్టుకో. అన్నీ బాగుంటే, దొరికేవాటిలో అన్నిటికన్నా మెత్తని తూటా, మందు తక్కువున్నది, వెయ్యి. అడుగున కూడిక గుర్తున్నది వద్దేవద్దు, అది ఎక్కువ ఒత్తిడిది, కొత్త తుపాకులకు. "ముసలి కంచరగాడిద చేత సగం రోజు పనే చేయించు, ఇంకో పదేళ్ళు దున్నుద్ది" అని ముగించేవాడు. చిక్కుడుగింజల పులుసులో మొక్కజొన్న రొట్టె ముంచుకు తింటూ కూడా ఇదే పాఠం. అతను సరేనన్న తుపాకీ ఏదీ ఇంతవరకు ఎవరి చేతిలోనూ పగల్లేదు. ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే. దాన్ని రోజూ తుడిచి మురిసేవాడు.

ఐవలీ పోయాక ఆర్ఫా వారానికోసారి అతనికి భోజనం పట్టుకెళ్ళేది. జాలితో కాదు, గిన్నెలు చెల్లెలివి, అవి మసిబారితే ఊరుకోలేక. వెళ్ళేకొద్దీ వింతలు కనబడ్డాయి. గడియారం వైపు చూడాలంటే మొహం పక్కకు తిప్పేవాడు. ఉత్తరాలు విప్పకుండా పేరుకుపోయాయి. ఎవరన్నా తూటాల పెట్టె చూపించి "ఇదేనా?" అంటే, "పైకి చదువు, నీకు చదువొచ్చో లేదో చూద్దాం" అని ఎకసెక్కం చేసేవాడు. ఎదుటివాడు నవ్వుకుంటూ చదివి పెట్టేవాడు. ఆర్ఫాకి అప్పుడు వెలిగింది. మరిదికి కళ్ళు పోతున్నాయి. వేలితో తడిమి, ఎకసెక్కంతో తడిమి, నెట్టుకొస్తున్నాడు. ఒక్కరోజు తడబడితే ఎవరి వేళ్ళో పోతాయి, దాంతోపాటు హోబర్ట్ స్టిడమ్ అన్న మాటకున్న విలువా పోతుంది. తెలిసీ ఆమె నోరెత్తలేదు. నోరెత్తకుండా ఉండటం ఆమెకు జీవితంలో అదే మొదలు.

ఆ రోజు రానే వచ్చింది. ట్రూయెట్ అనే కుర్ర తండ్రి తన తాత రివాల్వర్ తెచ్చాడు. కోళ్ళగూట్లోకి పాము దూరిందట, పెళ్ళాం అటు పోవాలంటే భయపడుతోందట. హోబర్ట్ చక్రం తిప్పాడు, గుర్రం లాగాడు, గదుల్లో మెట్టు తడిమాడు, గొట్టం మీద ఉన్నది ట్రూయెట్ చేతనే చదివించాడు.

"గట్టిదే నాయనా. వందేళ్ళ మనిషి లెక్క. మెత్తని తూటా వెయ్యి. కూడిక గుర్తున్నదాన్ని మాత్రం నీ గడప తొక్కనీకు."

పాఠం భేషుగ్గా చెప్పాడు. చెప్పి వెనక్కి తిరిగి, అరమీదున్న రెండు కాఫీ డబ్బాల్లో ఎడమ చేతిది తీశాడు. ఎడమది మెత్తనివి, కుడిది గట్టివి, ఏళ్ళ తరబడి అదే చోటు. పెట్టెలు చోటు తింటాయని డబ్బాల్లో పోసుకోవడం ఈయనగారి తెలివి. కిందటి రోజు కొట్టు యజమాని కూతురు దుమ్ము దులిపి డబ్బాల్ని తారుమారుగా పెట్టిందన్న సంగతి ఆ తెలివికి అందలేదు.

ఆరు తూటాలు బల్ల మీదికి దొర్లాయి. అన్నం గిన్నె దించుతున్న ఆర్ఫా కంట్లో ఒకదాని అడుగు పడింది. ఆమె చదువు మూడో తరగతితో ఆగింది గానీ, కూడికలు రెండో తరగతిలోనే చెప్తారు.

"ఆగయ్యా మరిదీ! అవి నావి. ఎలుగుబంటి కోసం దాచిపెట్టమన్నానా లేదా?"

ట్రూయెట్ తెల్లబోయాడు. "ఎలుగుబంట్ని నువ్వు కాలుస్తావా పెద్దమ్మా?"

"కాల్చను, చూపించి బెదిరిస్తా. నా మొహం చూసి చాలడం లేదు దానికి. నువ్వు నీ పాము సంగతి చూసుకో!" అంటూ ఆరింటినీ కొంగులాంటి తన వంటగుడ్డలో మూటగట్టేసింది. రెండో డబ్బా తనే దించి, ఒక్కొక్క తూటా తిరగేసి అడుగు చూసి, గుర్తులేనివి ఆరు ఏరి అతని చేతిలో పోసింది. పెద్దావిడకు మతి తప్పుతోందనుకుంటూ ట్రూయెట్ వెళ్ళిపోయాడు.

హోబర్ట్ ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. వంటగుడ్డ కోసం చెయ్యి చాచాడు. ఆమె ఒక తూటా అతని అరచేతిలో పెట్టింది. బొటనవేలితో అడుగు తడిమాడు. చాలాసేపు తడిమాడు. అంత సన్నని గీత వేలికి అందలేదు.

"ఎన్నాళ్ళుగా?" అంది.

"ఐవలీ పోయిన చలికాలం నుంచి. పక్కలు కనబడతాయి వదినా. నడుమ మసక. ఎవర్ని చూసినా మొహం ఉండదు."

"లోంజోని చూట్టానికి బాగానే ఉంటుంది. డాక్టరేమన్నాడు?"

"పోయింది తిరిగి రాదన్నాడు."

"అయితే మూసెయ్ ఈ కొట్టు. ఇవాళ ఆ కుర్రాడి వేళ్ళు నువ్వే తీసేవాడివి. పాఠం చెప్పి మరీ తీసేవాడివి!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. హోబర్ట్ తూటాను బల్ల మీద నిలబెట్టబోయాడు. అది పడిపోయింది. మళ్ళీ నిలబెట్టాడు.

"మూసేస్తా. రేపే మూసేస్తా. అప్పుడు వీళ్ళంతా ఎవర్ని అడుగుతారు చెప్పు? లోంజోని. బొక్కలో పడిందా, సరిపోయింది పో, అంటాడు."

ఆర్ఫాకి ఒళ్ళు మండింది. గిన్నె మూత గట్టిగా పెట్టింది.

"వదినా, పొద్దున పూట వచ్చి నా పక్కన కూచో. గొట్టం మీదున్నదీ, తూటా అడుగునున్నదీ నా చెవిలో చెప్పు. చదువు రాదని సాకు చెప్పకు. తెలియని అక్షరం వస్తే దాని ఆకారం చెప్పు, చాలు."