తెల్ల ప్యాంటుకు అంటిన తుప్పు

నిరుడు చలికాలం మా ఆయన ఫోన్లో వీడియోలు చూసి, గురజాల దగ్గరున్న మా మిరపచేను పక్కన గోధుమలు చల్లారు. సగం మామూలు రకం, సగం ఖప్లీ అనే పాతరకం. తీరా గింజ పాలుపోసుకునే వేళకు మామూలు గోధుమ ఆకుల మీద ఇటుకపొడి లాంటిది లేచింది. ఖప్లీ మాత్రం పచ్చగానే ఉంది.

మావైపు ఏ ఆకు పాడైనా తుంచుకుని పురుగుమందుల కొట్టుకు పరిగెత్తడం ఆచారం. జన్మలో గోధుమ పైరు చూడని ఆ కొట్టతను, ఆకును తిప్పయినా చూడకుండా "తామరపురుగు బాబాయ్" అని మిరపకిచ్చే మందే ఇచ్చాడు. మా ఆయన భక్తిగా కొట్టారు. పొడి ఇంకా పెరిగింది.

"పురుగేది? ఒక్కటి చూపించు. ఇది తుప్పు తెగులు" అన్నాను.

"ఏమే, అతనికంటే నీకెక్కువ తెలుసా?" అన్నారు.

చివరికి కొట్టతనే తెల్ల ప్యాంటు వేసుకుని, నలుగురు రైతులను వెంటబెట్టుకుని తన మందు పనితనం చూపించడానికి వచ్చాడు. దర్జాగా గోధుమలో దిగి అవతల తేలేసరికి మోకాళ్ల కింద ప్యాంటంతా కాషాయరంగు.

"పురుగులు గుడ్డలకు రంగేస్తాయా అబ్బాయ్?" అన్నాను.

అతను ప్యాంటు దులుపుకుని, "చానా ముదిరింది పిన్నీ. డోసు పెంచాలి" అన్నాడు.

రైతులంతా తలలూపారు. అందరికంటే ముందు ఊపింది మా ఆయనే. ఆ తలూపుడు నాకు చచ్చేదాకా గుర్తుంటుంది. తెగులును తట్టుకునే గోధుమ రకం ఉంది గానీ, ఆ కొట్టతన్ని తట్టుకునే మగవాళ్ల రకం మా ఊళ్లో ఇంకా మొలవలేదు.