ఓడలో నేర్చుకున్న నాట్యం

మా చిన్నప్పుడు... వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చే ఓడలో, బంక్ క్లాసులో ఉన్నవాళ్ళందరూ వాంతులు చేసుకుంటున్నారు. మా నాన్న దగ్గర ఒక బకెట్టు, మా అమ్మ దగ్గర ఇంకో బకెట్టు. నాకు రెండింట్లోనూ వాటా.

పైన డెక్ మీద మాత్రం ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు బోసినోటి ముసలాయన... సిప్పీఘాట్‌లో ఉన్న కొడుకుని చూడటానికి వస్తున్న నాట్యం మాస్టారు. వయసులో ఉండగా కూచిపూడి మేళంలో ఆడవేషాలు కట్టిన మనిషి. రెండోది పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్‌లో మా పక్కింటి పిల్ల, కరుణ. మా అందరికీ ఓడ పడలేదు. ఆ పిల్లకి పడింది.

మాట్లాడటానికి ఇంకో మనిషి దొరక్క, మాస్టారు ఆ పిల్లకి అడుగులు నేర్పడం మొదలుపెట్టారు.

"మోకాళ్ళు వంచమ్మా. ఓడ అటు ఒరిగితే నువ్విటు ఒరుగు. ఒక సెయ్యి మాత్రం రెయిలింగు ఒదలకు. సముద్రంలో పడితే మీ నాన్నకి నేనేటి సెప్పుకోను?"

అలా నేర్చుకుంది... ఎడమ చేయి రెయిలింగు మీద, కుడి చేయి ముద్రలో. రేవులో దిగేటప్పుడు మాస్టారు తన ట్రంకు పెట్టెలోంచి పాత గజ్జెలు తీసి ఆ పిల్ల చేతిలో పెట్టారు. తరువాతి ఓడకి తిరిగి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

నేల మీదికి వచ్చాక చిక్కు మొదలైంది. డాలీగంజ్ నేల కదలదు. కరుణ మాత్రం ఓడలో ఉన్నట్టే ఒరుగుతూ ఆడేది... ఎడమ చేయి పక్కకి చాచి, పిడికిలి బిగించి.

మా బడిలో పాటలూ ఆటలూ నేర్పే బెంగాలీ దీదీ మొదటిసారి చూసి నోరెళ్ళబెట్టింది.

"అరే కరుణా, హాథ్ మే క్యా హై? ఏం పట్టుకున్నావ్?"

"రెయిలింగ్, దీదీ."

"కహాఁ హై రెయిలింగ్?"

"ఓడలో ఉండిపోనాది, దీదీ."

ఆ చేయి విడిపించడానికి దీదీ ఏడాదంతా తంటాలు పడింది. పిడికిట్లో నీళ్ళ గ్లాసు పెట్టి చూసింది. నీళ్ళు ఒలకలేదు... చేయీ కదల్లేదు.

ఇంట్లో గజ్జెల చప్పుడు కరుణ వాళ్ళ నాన్నకి నచ్చలేదు. యేసురత్నం గారు కర్రల డిపోలో మేస్త్రీ, మా తెలుగు చర్చిలో సంఘ పెద్ద. ఒకరోజు తేల్చేశారు.

"క్రిస్మస్‌కి స్టేజీ మీద సెయ్యి. సంఘం మెచ్చితే నేర్సుకో. నవ్విందా... ఆ గజ్జెలు ఒచ్చిన ఓడకే ఎక్కించేత్తాను. సమజ్ అయిందా?"

అప్పటి నుంచి కరుణకి అన్నం సయించలేదు. గజ్జెలు తలగడ కింద పెట్టుకుని పడుకునేదట.

క్రిస్మస్ నాడు చర్చి ముందు ఖాళీ డీజిలు పీపాల మీద పలకలు పరిచి స్టేజీ కట్టారు. కట్టింది యేసురత్నం గారే. పొద్దున్న వాన పడింది... నేల మెత్తగా ఉంది. నేను గొర్రెల కాపరిని. కరుణ దేవదూత. శుభవార్త తెచ్చే నాట్యం ఆమెది.

నాట్యం సగంలో ఉండగా ఒక మూల పీపా నెమ్మదిగా బురదలోకి దిగింది. ముందు గొర్రెలు జారాయి. వాటి వెనక జ్ఞానులు, కానుకలతో సహా. యోసేపు మరియని పట్టుకున్నాడు, మరియ పశువుల తొట్టిని పట్టుకుంది... మూడూ కలిసి వెళ్ళాయి. నేను నేరుగా వెళ్ళి కింద ఉన్న హార్మోనియం మీద కూర్చున్నాను. అది పెద్దగా మూలిగింది.

దేవదూత మాత్రం పడలేదు. మోకాళ్ళు వంచింది. స్టేజీ అటు ఒరిగితే తను ఇటు ఒరిగింది. లేని రెయిలింగుని పట్టుకుని ఆడుతూనే ఉంది.

ముందు వరసలో దీదీ ఒక్క గెంతు గెంతింది. "పకడ్‌కే రఖ్, కరుణా! ఛోడ్‌నా మత్! వదలకు!"

సంఘమంతా నవ్వింది... పొట్టలు పట్టుకుని. కరుణ ముఖం పాలిపోయింది. నాట్యం చివరిదాకా చేసి, దండం పెట్టి, వంగి గజ్జెలు విప్పడం మొదలుపెట్టింది.

యేసురత్నం గారు కళ్ళు తుడుచుకుంటూ లేచారు. అందరికంటే ముందు నవ్వింది ఆయనే.

"ఉంచు, ఉంచు. తుపానులో యోనా ఎక్కిన ఓడ మీద ఈ పిల్ల గానీ ఉంటే, ఆయన్ని సముద్రంలోకి ఇసిరే పనే నేకపోను" అన్నారు. "నేను కట్టిన స్టేజీ మీద నిలబడ్డాది ఇదొక్కర్తే. నేర్సుకోనీండి."

దీదీ దగ్గర నేర్చుకుంది. ఆ తరువాత వైజాగ్ వెళ్ళి ఒక గురువుగారి దగ్గర పూర్తిగా నేర్చుకుని వచ్చింది. మా ఇంటి ముందుగదిలో క్లాసు పెట్టింది. మా ఇంట్లో ఎందుకంటే... హార్మోనియం మీద కూర్చున్న కాపరినే పెళ్ళి చేసుకుంది.

కొత్తగా చేరిన ప్రతి పిల్లా ముందు ఒక చెక్క పలక ఎక్కాలి. పలక కింద కొబ్బరికాయ ఉంటుంది. దాని మీద పడకుండా నిలబడితేనే మొదటి అడుగు.

"మేడం, డాన్స్ కబ్ షురూ హోగా? ఎప్పుడు మొదలెడతారు?" అని తల్లులు విసుక్కునేవారు.

"ఓడ దిగాక" అనేది.

క్లాసులో మాస్టారి పేరు, దీదీ పేరు తలుచుకోని రోజు లేదు. నిలబడటం ఆయన నేర్పారు, వదలటం ఈవిడ నేర్పింది అనేది. నిజానికి పూర్తిగా వదల్లేదు. రోడ్డు దాటేటప్పుడు ఆ ఎడమ చేయి పక్కకి వచ్చేది. అక్కడ నేనుండేవాణ్ణి.

ఇప్పుడు చాలామంది విమానాల్లో వస్తున్నారు. వాంతులు లేవు, మాస్టార్లూ తగలరు. పిల్లలు ఫోను చూసి అడుగులు నేర్చుకుంటున్నారు... బాగానే ఆడుతున్నారు.

కరుణ ఈ వానాకాలం ముందు వెళ్ళిపోయింది. పలక వరండాలోనే ఉంది. మొన్న ఎక్కి చూశాను. మోకాళ్ళు వంచాను. చేయి దానంతటదే పక్కకి వెళ్ళింది...

మీకు మొదటి అడుగు నేర్పినవాళ్ళెవరు? రాయండి. అన్నీ చదువుతాను... ఈ మధ్య తీరిక ఎక్కువగా ఉంది.