ఎర్రనోటి మెంబరు

మా నాయిన బల్దియా మీటింగుల ఏ దిక్కు చెయ్యి ఎత్తుతడో తెలుసుకునేటందుకు రికార్డులు తిరగెయ్యాల్సిన పనే లేకుండె. ముందునాడు సాయంత్రం ఆయన నోరు చూస్తే చాలు. ఎర్రగుంటే పార్టీ దిక్కు. మూడేండ్లు మెంబరుగ ఉన్నడు, మూడేండ్లూ నోరు ఎర్రగనే ఉండె.

బల్దియా అంటే మీ ఇప్పటి మున్సిపాల్టీయే. నాయిన మిషన్ దవాఖానల కాంపౌండరు. వరంగల్ల సగం మంది ఆయన కలిపిన మందునీళ్లు తాగినోళ్లే. అందుకని పార్టీవాళ్లు ఆయనను నిలబెట్టిన్రు, గెలిచిండు. ఆ పార్టీకి పెద్ద ఒక బట్టల దుకాణం సేటు, ఆయన గూడ మెంబరే. మీటింగుకు ముందునాడు తన మెంబర్లందరిని ఇంటికి పిలిచి, చాయ తాపి, ఆఖరుకు పళ్లెంల పాన్లు తిప్పుతుండె. ఆ పాను తీసుకున్నమంటే మాట ఇచ్చినట్టే. రేపు ఏ సంగతి మీద చెయ్యి ఎత్తాల్నో అడిగే రివాజు లేదు. ముందు పాను, తెల్లారినంక సంగతి.

మాది కిరస్తానపు ఇల్లు. అమ్మ ప్రార్థన కూటాలల్ల ముందు వరుసల కూసునే మనిషి, ఇంట్లకు తమలపాకు రానిచ్చేది కాదు. నాయిన గడపల కాలు పెట్టంగనే, "ఏమయ్యా, జర నవ్వు" అనేది. ఆయన నవ్విండా, దొరికిపాయె! "నీ చెయ్యి నీ భుజానికే ఉన్నదా, సేటు భుజానికున్నదా?" అని అమ్మ ఎత్తిపొడిచేది. నేను, చెల్లె కడుపు పట్టుకోని నవ్వేటోళ్లం. నాయినకు సిగ్గన్నదే లేకుండె. "నిలబెట్టినోడు గద, కాదంటే బాగుంటదా?" అనుకుంట కాళ్లు కడుక్కోను పోయేటోడు.

ఒకనాడు గట్లనే ఎర్రనోటితోని వచ్చిండు. ఆ పూట ఇంట్ల మా మేనత్త కూసోని ఉన్నది. నాయినకు సొంత అక్క. మొగడు పోయిండు, నలుగురు పిల్లలు. ఖిలా వరంగల్ల ఇంటెనక రెండు మళ్లల్ల ఆకుకూర పండిచ్చి, పొద్దుగాల గంప నెత్తిన పెట్టుకోని చౌరస్తకు నడిచొచ్చి, దుకాణాల ముంగట అమ్ముకునేది. ఆ గంప కదిలితేనే ఆ ఇంట్ల పొయ్యి అంటుకునేది.

"తమ్మీ, రేపు మీ మీటింగుల మమ్ములను చౌరస్త నుంచి లేపుతరటగద?" అన్నది. "గంపలోళ్లనందరిని చెరువు కట్ట అవతల కూసోమంటరట. ఆడికి కూరకు ఎవలొస్తరు? కుక్కలొస్తయి."

నాయిన నవ్వు ఆగిపోయింది. "నాకెవ్వలు చెప్పలే అక్కా."

"చెప్పకముందే తిని వచ్చినవు గద!" అని అమ్మ కొంగు నడుముకు చెక్కింది. నాయిన గోడకు ఆనుకోని కూలబడ్డడు. "నా బుద్ధి గడ్డి తిన్నది" అన్నడు. ఇచ్చిన మాట తప్పుడు ఆయనకు చేతగాదు. అక్క పిల్లలను పస్తులుంచుడూ చేతగాదు. అంతదాక నవ్విన నాకే ఏడుపొచ్చింది.

దారి చూపెట్టింది అమ్మనే. "పాను తీసుకునుడు మాట ఇచ్చుడైతే, తిరిగిచ్చుడు మాట వాపస్ తీసుకునుడు. తిన్నదానికి బదులు ఇంకోటి చుట్టి ఇస్త, ఇచ్చి రా, పో" అన్నది. వకీళ్లు గూడ పనికిరారు ఆమె ముంగట! ఇగ చూడాలె మా ఇంట్ల తమాష. నేను ఉరికి తమలపాకులు, వక్కలు, సున్నం తెచ్చిన. అమ్మకు పాను చుట్టరాదు. గోడకు పూసినట్టు సున్నం పూసింది. "ఇది తింటే సేటు నోరు కాలి రేపు మీటింగుకే రాడు" అన్నది మేనత్త. అంత ఫికర్ల గూడ అందరం నవ్వినం.

నాయిన నన్ను తోడు తీసుకోని పోయిండు. సేటు గద్దె మీద ఒరిగి ఉన్నడు. నాయిన పాను ఆయన ముంగట పెట్టిండు.

"మీ పాను మీకు వాపస్ ఇస్తున్న సేటు. రేపు నా చెయ్యి మీ దిక్కు లేవదు."

"నిన్ను నిలబెట్టిందెవలు కాంపౌండరు సాబ్?"

"మీరే, కాదనను. కని ఆ చౌరస్తల కూసునేది మా అక్క."

సేటు పాను ముట్టలే. "మళ్ల ఎలచ్చన్లప్పుడు నువ్వెవలో, మేమెవలమో" అన్నడు. మేము సలాం చేసి బయటికొచ్చినం.

తెల్లారి బల్దియా వాకిట్ల గంపలోళ్లందరు నిలబడ్డరు. నేను మేనత్త పక్కనే ఉన్న. కిటికీలు తెరిచే ఉన్నయి, లోపల తొమ్మిది మంది కనపడుతున్నరు. లేపాలన్నోళ్లు చేతులెత్తుండ్రంటే నాలుగు లేసినయి. సేటు నాయిన దిక్కే చూస్తాండు. నాయిన చేతులు ఒళ్లె పెట్టుకోని నేల చూస్తాండు. వద్దన్నోళ్లు ఎత్తుండ్రంటే మళ్ల నాలుగే లేసినయి. మెల్లగ, బరువు ఎత్తినట్టు, నాయిన చెయ్యి లేసింది. వాకిట్ల ఆడోళ్లు ఒక్కతీరుగ కేకలు పెట్టిన్రు. నేను మేనత్తను గట్టిగ పట్టుకున్న.

ఆ పగలు మా ఇంట్ల కోడి కోసిన్రు. నాయిన సంబురం ఇంతంత కాదు. "చూసినవా అక్కా, పార్టీ గీర్టీ జాన్తానై అన్న! నా చెయ్యి, నా ఇష్టం!" అని ముక్క కొరుకుకుంట ఒకటే చెప్పుడు. ఆనాడు మా నాయిన అంత మొగోడు వరంగల్లనే లేడనిపించింది నాకు.

మేనత్త కడుపు నిండ తిన్నది. చెయ్యి కడుక్కోని, కొంగుకు తుడుచుకోని, తమ్ముని పక్కన కూసున్నది.

"మా ఇల్లు నిలబెట్టినవు తమ్మీ. దేవుడు నిన్ను చల్లగ చూడాలె. కని ఒక్క మాట. నిరుడు స్టేషన్ ముంగటి జట్కలోళ్లను ఊరవతలికి లేపిన్రు. దానికి ఎందుకు చెయ్యి ఎత్తినవు?"

నాయిన కొరుకుతున్న ముక్క పళ్లెంల పెట్టిండు. "వాళ్లెవలు నాకొచ్చి చెప్పలే గదక్కా."

"ఎట్ల చెప్తరు?" అన్నది మేనత్త. "బల్దియాల వాళ్లకు తమ్ముడు లేకపాయె."