దర్జీ పళ్ళు, దారం

మానవజాతి నిప్పు రాజేయడం నేర్చిన తర్వాత అంతటి ఘట్టం, మన దర్జీ పంటితో దారం తెంపడం. ముప్పయ్యేళ్ళుగా గుండీ కుట్టగానే తల వంచి ముందుపళ్ళతో పుటుక్కున తెంపేవాడు. అలాంటివాడికి పై దవడ మరీ ఇరుకని, అందుకే ఊపిరి సరిగ్గా ఆడడం లేదని, పళ్ళ డాక్టరమ్మ అంగిట్లో దవడని వెడల్పు చేసే మర ఉన్న పరికరం బిగించింది. రోజూ పొద్దున భార్య చిన్న తాళంచెవితో దాన్ని పావు చుట్టు తిప్పేది. నెల తిరిగేసరికి పై దవడ వెడల్పయింది, ముందుపళ్ళ మధ్య సందు పడింది, పై పళ్ళకీ కింది పళ్ళకీ రాకపోకలు నిలిచిపోయాయి.

దర్జీకి పై ప్రాణాలు పైనే పోయాయి. "కింది దవడ మెల్లగా సర్దుకుంటుందండీ" అంది డాక్టరమ్మ. "సర్దుకోకపోతే? జన్మంతా జావేనా నాకు?" అని భార్య దగ్గర గొణిగాడు. "ఇన్నేళ్ళు మీతో నేను సర్దుకోలేదూ? దానికేం రోగం" అందావిడ. అయినా పొద్దున్నే అద్దం ముందు నిలబడి, పై పళ్ళూ కింది పళ్ళూ కలుస్తున్నాయేమోనని దవడపళ్ళ మధ్య దారం పెట్టి, నోరు మూసి లాగేవాడు. దారం అడ్డులేకుండా జారి వచ్చేది. ఐదోనెలలో ఒకరోజు లాగితే దారం రాలేదు. గట్టిగా లాగినా రాలేదు. ముందుపళ్ళ సందూ అప్పటికి మూసుకుంది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, మిషను ముందు కూర్చుని, చొక్కాకి గుండీ కుట్టి, దారం కత్తెరతో తెంపాడు. ఐదు నెలల్లో కత్తెర అలవాటైపోయింది.