అగ్గిపెట్టెలో నమూనా

కొండ కిందున్న బేస్‌కు మేము చేరింది అక్టోబరు చివర్లో, సాయంత్రం నాలుగింటికి. కాశ్మీరు. ట్రక్కు దిగగానే చలికి చెవులు మొద్దుబారాయి. ఎదురుగా నల్లరాతి కొండ, సగం నుంచి పైకి మంచు. ఆ మంచులోనే మా పోస్టు ఉందని హవల్దారు వేలు పెట్టి చూపించాడు. నాకేమీ కనిపించలేదు. చిన్నప్పుడు గొర్రెల వెంట ఉదయగిరి దుర్గం ఎక్కి దిగినవాణ్ణి, ఇదేం లెక్క అనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా పక్కవాళ్లతో కూడా అన్నాను. నోటి దూల.

నా పని రేడియో సెట్టు బ్యాటరీ మోయడం. దాంతో పాటు రైఫిలు, స్లీపింగ్ బ్యాగు, కిరసనాయిలు డబ్బా. గాలి అలవాటు కావడానికి కొన్నాళ్లు బేస్‌లోనే ఉంచి, తర్వాత సాధనకని పోస్టు దాకా ఎక్కించి దింపడం మొదలుపెట్టారు. అందరూ ఎక్కారు. నాకు మాత్రం మొదటి మలుపు దగ్గరే గుండె దడదడలాడి, కళ్లు చీకట్లు కమ్మాయి. మంచులో కూలబడ్డాను. రెండోసారీ అంతే. హవల్దారు చిత్తూరు వైపు మనిషి. నా బ్యాటరీ విప్పి తన వీపున కట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది, తిట్టలేదు.

"ఇంకొక్క తూరి చూస్తా" అన్నాడు కిందికి దిగాక. "అప్పుడూ కూలబడితే కామ్‌చోర్ అని రాసి పంపించేస్తా."

కామ్‌చోర్ అంటే పనిదొంగ. ఆ మాట ఒకసారి కాగితం మీద పడిందంటే సర్వీసున్నంత కాలం వెంటే వస్తుంది.

మర్నాడు పొద్దున కిట్ తనిఖీ. అందరం సామాన్లు దుప్పటి మీద పరిచి వరసగా నిలబడ్డాం. నా పాలపొడి డబ్బా హవల్దారు మూత తీశాడు. నిండా బలపాలు.

"ఇవేందిరా? బడికి పోతా ఉండావా?"

వరసంతా నవ్వింది. తినడానికని చెప్పలేక తల దించుకున్నాను. చిన్నప్పటి నుంచీ తింటున్నాను. మా అమ్మా తింటుంది. నేను బయల్దేరేటప్పుడు తన డబ్బాలోవి సగం నాకు పోసింది, అక్కడ దొరుకుతాయో లేదోనని. బేస్‌లో దుప్పటి ముసుగేసుకుని, చప్పుడు కాకుండా నోట్లో నానబెట్టి నమిలేవాణ్ణి.

హవల్దారు నవ్వలేదు. డబ్బాతో సహా నన్ను డాక్టరు గుడారానికి తీసుకెళ్లాడు. డాక్టరు కుర్ర కెప్టెన్. నా కింది కనురెప్ప లాగి చూశాడు, గోళ్లు చూశాడు.

"నీ ఒంట్లో రక్తం లేదు. అందుకే మట్టి మీదకి మనసు పోతోంది" అన్నాడు హిందీలో. "ఆ రక్తం ఎవరు తాగుతున్నారో చూడాలి. రేపు పొద్దున దొడ్డికి వెళ్లినప్పుడు నమూనా తీసుకురా."

సీసాలు అయిపోయాయట. ఖాళీ అగ్గిపెట్టె చాలన్నాడు. వంటవాణ్ణి బతిమాలి ఒకటి సంపాదించాను. పెట్టెలో పుల్లలు జేబులో పోసుకుంటూ వాడు ఎందుకని అడిగాడు. చెప్పాను. మధ్యాహ్నానికి బేసంతా తెలిసిపోయింది.

మైక్రోస్కోపు లోయలోని ఆసుపత్రిలో ఉంది. అగ్గిపెట్టె రేషన్ ట్రక్కులో వెళ్లింది. ఫలితం రేడియోలో వచ్చింది, అదీ పోస్టులన్నీ వినే పూట.

"మీ బ్యాటరీ మనిషి రిపోర్టు. కొంకి పురుగులు. మళ్లీ చెబుతున్నా, కొంకి పురుగులు. ఓవర్."

"విన్నాం. ఓవర్" అన్నాడు మా ఆపరేటరు, నా మొహం చూడకుండా.

ఆ వెంటనే పై పోస్టు నుంచి ఇంకో గొంతు. "పురుగులెన్నో లెక్క చెప్పండి, వాటికీ రేషన్ పంపుతాం. ఓవర్."

నిజం చెబుతున్నాను, పనిదొంగ అనిపించుకున్నా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదేమో.

డాక్టరు మాత్రలిచ్చాడు, రక్తం పట్టడానికి వేరే మాత్రలిచ్చాడు. జనం దొడ్డికెళ్లే చేలల్లో చెప్పుల్లేకుండా తిరిగితే, ఈ పురుగు పిల్లలు అరికాళ్లలోంచి లోపలికి పోతాయని చెప్పాడు. "మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా బలపాలు తింటారా?" అని అడిగాడు. లేదన్నాను.

కొత్త సంవత్సరం వచ్చాక మళ్లీ ఎక్కాను, నా బ్యాటరీ నేనే మోసుకుని. పైన హవల్దారు టీ మగ్గు చేతికిచ్చి, "పనిదొంగవనుకున్నా. మనసులో పెట్టుకోవద్దురా" అన్నాడు. నేను మాత్రం ఎక్కేటప్పుడు ఆ మొదటి మలుపు దగ్గర మా అమ్మనే తలుచుకున్నాను. బోరింగు నుంచి ఇంటికి బిందె తెచ్చేలోపు రెండుచోట్ల దించి రొప్పేది. మా అవ్వ దాన్ని ఒళ్లు బద్ధకం అనేది. నేనూ అన్నాను. ఉత్తరం రాద్దామంటే అమ్మకి చదువు రాదు, చదివి వినిపించేది పక్కింటి టీచరు. రాయలేకపోయాను.

ఎండాకాలం సెలవుకు వచ్చాక గానీ చెప్పలేదు.

"నాకు పురుగులేంది? దినామూ తానం చేసేదాన్ని" అంది అమ్మ.

"నాకున్న్యాయి మా. రేడియోలో అందరికీ ఇనపడేటట్టు చెప్పినారు."

అమ్మ బొడ్లో ఉన్న బలపం ముక్క తీసి గోడవారన పెట్టింది.

"ఉదయగిరి ఆసుపత్రిలో వద్దు అబ్బయా. అందరూ మనల్ని ఎరిగినోళ్లే. ఆత్మకూరు పోదాం."

"మిలిటరీ డ్రస్సు ఏసుకోని పోరా. నిన్ను జూసి బిరీన పరీక్ష చేస్తారు" అన్నాడు నాయన.

ఆత్మకూరు బస్సు సగం ఖాళీ. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. అమ్మ కూర్చోలేదు. తన నమూనా ఉన్న అగ్గిపెట్టెను గుడ్డలో చుట్టి బొడ్లో దోపుకుంది. నేను చెయ్యి పట్టి లాగితే, వంగి నా చెవిలో, "వాసనొస్తాదేమో నాయనా. నీ డ్రస్సుకి నామోషీ" అంది.

కండక్టరు కూచోమన్నాడు. "నడుం పట్టింది, నిలబడితేనే బాగుండాది" అంది.

ముందు సీటులో కొండాపురం ఆసామి ఒకడు నా డ్రస్సు చూసి వెనక్కి తిరిగాడు. మంచులో ఎట్లా ఉంటారు, కొండ ఎట్లా ఎక్కుతారు అని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. ఇంకో ఇద్దరు దగ్గరికి జరిగి విన్నారు. లేచి అమ్మ పక్కన నిలబడితే ఎందుకని అడుగుతారు. అగ్గిపెట్టె సంగతి బయటపడుతుందని భయం. మంచు కొండ మీద లేని భయం అది.

ఆత్మకూరులో పరీక్ష అయింది. ఆమెకూ అవే పురుగులు. మాత్రలు మింగింది, వానాకాలానికి ఒంట్లో రక్తం పట్టింది, బలపాలు మానేసింది. బిందె దించకుండా ఇంటికి తెచ్చిందని నాయన అందరికీ చెప్పుకున్నాడు. నేను చెప్పులు కొనిచ్చాను.

ఇప్పటికీ ఎవరైనా మిలిటరీ సంగతులు చెప్పమని అడిగితే నాకు మంచు గుర్తు రాదు. ఆ బస్సే గుర్తొస్తుంది. గంటన్నర దారి. అమ్మ ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుంది, ఇంకో చేత్తో బొడ్డు దగ్గర కొంగు అదిమి పెట్టుకుంది. నోరు తెరిచి రొప్పుతోంది. నా పక్క సీటు ఖాళీగా ఉంది. నేను కూర్చుని, కొండెక్కిన సంగతి చెబుతూనే ఉన్నాను.