పసుపు పట్టని టేకు

మారతహళ్ళిలోని షాపులో చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని చెక్కను పోలిన లామినేట్ పలకల మీద నడిచి చూశాను. ఒకదాని గరుకు అరికాలికి అచ్చం చెక్కలాగే తగిలింది. దాన్నే ఫ్లాటంతా వేయించి, అసలు టేకని, కూతురింటికి వచ్చిన అత్తగారికి చెప్పాను.

మా ఫ్లాటుకు గడప లేదు. శుక్రవారం ఆమె గుమ్మం దగ్గరి పలకనే గడపగా భావించి పసుపు రాశారు. మర్నాడు తడిగుడ్డతో తుడిస్తే మరకైనా మిగల్లేదు. చెక్కయితే పసుపు పీల్చుకునేది. ఆమె నావైపు చూశారు.

సాయంత్రం పక్కింటావిడ వచ్చి నేలను తెగ మెచ్చుకుంది.

"అసలు టేకమ్మా, మా అల్లుడే చెప్పినాడు," అన్నారు అత్తగారు తాపీగా. "నీకూ కావాలంటే చెప్పు. రేపు ఆ టేకు అమ్మే అంగడికి తనే పిలుచుకుపోతాడు."